మళ్ళీ ఆవిడే

ఆ మార్చి మొదటి మంగళవారం పొద్దున ఆకాశం విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా ఉంది. గాలి తూర్పు నుంచి వీస్తోంది. తూర్పు గాలికి మేపుల్ చెట్లు బిగదీసుకుంటాయి, మేం పాకానికి కాచే తీపి నీరు వదలవు. అడవిలో పని లేదు గనక నేనూ మా నాన్నా ఊరి సభకి నడిచి వెళ్ళాం.

మా వెస్ట్ కోర్లీలో ఏటా ఆ రోజునే సభ. వంతెనకి చెక్కలు మార్చడం, బడికి కట్టెలు, మంచు తోసే బండికి మనిషి. అవన్నీ అయ్యాక ఆ ఏడు ఇంకొకటి వచ్చింది. సెనేటర్ లెమ్యుయెల్ ట్రాస్క్ పేరు మీద సభామందిరం గోడకి కంచు పలక వేయించాలని. ట్రాస్క్ మా ఊళ్ళో వకీలుగా మొదలుపెట్టి, వాషింగ్టన్ దాకా వెళ్ళి, ఉత్తర దక్షిణ రాష్ట్రాల యుద్ధకాలమంతా అక్కడే సెనేటులో కూర్చున్నవాడు. మరణశిక్ష పడిన సిపాయి కుర్రాళ్ళ కోసం అధ్యక్షుడి దగ్గర నిలబడి క్షమాభిక్షలు రాయించుకొచ్చాడని పేరు. పలక మీద ఏం చెక్కాలో కూడా ముందే రాసి తెచ్చారు: ‘తల్లుల మొర విన్నవాడు.’

ఒప్పుకున్నవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి. కాగితం బల్లల వెంట మా వరసకి వచ్చింది. కొట్టు నడిపే మిలో వెనకనుంచి మా నాన్న భుజం మీదకి వంగాడు.

“ఏం ఏసహెల్ మావా, ఇంటూ పెట్టే ఓపికుందా? లేకపోతే ఇలా ఇయ్యి, ఆ రెండు గీతలూ నేనే గీకుతా.”

“నీ తక్కెడ కన్నా నా ఇంటూ తిన్నగానే ఉంటుందిలే,” అన్నాడు మా నాన్న.

జనం నవ్వారు. నేను నవ్వలేదు. మా నాన్నకి రాయడం రాదని ఊరందరికీ తెలుసు. ఏ కాగితం వచ్చినా రెండు గీతలు అడ్డంగా గీసి, పక్కన నన్ను పేరు రాయమనేవాడు. చిన్నప్పటినుంచీ ఆ రెండు గీతల పక్కన నా చేతిరాత చూసుకుంటుంటే నాకు చెవులు కాలేవి.

ఆ రోజు ఆ గీతలు కూడా పెట్టలేదు. కాగితం నాకు అందించేసి, “చెయ్యి లాగుతోంది,” అన్నాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి కనిపించాడు. మెట్ల దగ్గర నిలబడి మంచు మీద ఉమ్మేశాడు.

నేను సంతకం పెట్టాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నా చేతి మీద నాకే కోపం వస్తుంది.

ఇంటికి వస్తూ చుట్టుదారి పట్టాం. ట్రాస్క్ ఇంటి గేటు ముందునుంచి మా నాన్న ఎన్నడూ నడవలేదు. బురదైనా, మంచైనా, బరువున్నా, మైలున్నర చుట్టు తిరిగేవాడు. అడిగితే ఆ దారి మెట్ట, ఎక్కలేం అనేవాడు. అది మెట్ట కాదు.

*

తొమ్మిదో తేదీకి గాలి పడమరకి తిరిగింది. రాత్రి గడ్డకట్టి పగలు ఎండ కాసింది. చెట్లకి బెజ్జాలు వేసి బకెట్లు కట్టిన రెండో రోజుకే అంచుల దాకా నిండాయి. నేను గుర్రాల బండి మీద పీపా పెట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగి నీరు పోసుకొచ్చేవాణ్ణి. మా నాన్న ఆ నీరు కాచి పాకం తీసే పాకలో పొయ్యి దగ్గర కూర్చునేవాడు. డెబ్బై ఏడేళ్ళ మనిషి, ఒక్క కట్టె కూడా వృథాగా వేసేవాడు కాదు. మా ఆవిడ హల్దా గరిటెతో పాకం ఎత్తి చూసేది. గరిటె అంచునుంచి చుక్కలుగా కాకుండా తెరలా జారితే అయినట్టు.

పాక తలుపుకి లోపలివైపు ఏ ఏడు ఏ రోజున మొదటి నీరు కాచామో సుద్దతో రాసి ఉంటుంది. నాకు ఏడేళ్ళప్పటినుంచీ ఆ రాత నాదే. చిన్నప్పుడు మా నాన్న నా వెనక నిలబడి చూసేవాడు. నేను ఒకటి అంకె వేస్తే బొటనవేలితో తుడిపేసేవాడు.

“బాలేదు. మళ్ళీ వెయ్యి. కింద అడ్డగీత పెట్టు.”

మిగతా అంకెల జోలికి వచ్చేవాడు కాదు. ఒక్క ఒకటితోనే పేచీ. చదువు రాని మనిషికి ఈ పట్టింపేమిటా అని లోపల నవ్వుకునేవాణ్ణి. ఆ ఏడు పదకొండున కాచాం. రెండు ఒకట్లూ కింద గీతలతో సహా శుభ్రంగా వేశాను. ఆయన వాటిని చాలాసేపు చూసి పొయ్యి వైపు తిరిగాడు.

తర్వాతి వారం మిస్ కార్నీలియా ట్రాస్క్ నుంచి కబురొచ్చింది. ఆవిడ సెనేటరుగారి మనవరాలు, డెబ్బైకి దగ్గర్లో ఉంది, ఆ ఇంట్లో ఒక్కతే. తాతగారి కాగితాలన్నీ కాలేజీకి ఇచ్చేస్తోందట. దారి బురదయ్యే లోపల పెట్టెలు రైలు స్టేషనుకి చేర్చాలట. మంచు మీద జారే బండీ, జత గుర్రాలూ ఉన్నది నాకే.

“వెళ్ళమంటావా?” అని మా నాన్నని అడిగాను.

“గుర్రాలు నీవి,” అన్నాడు.

*

పదకొండు పెట్టెలు. అటక మీదనుంచి దింపేసరికి నడుము పడిపోయింది. భోజనాల గదిలో కాలేజీ నుంచి వచ్చిన ఎల్లరీ అనే ఆయన కూర్చుని ఉన్నాడు. బల్ల మీద తడి స్పాంజి, అద్దుడు కాగితాలు, చిన్న ఇస్త్రీ పెట్టె. వెనకటి వకీళ్ళు వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మూడు మడతలు పెట్టి, వెనక వైపు ఎవరు రాశారో, ఎప్పుడు అందిందో, సంగతేమిటో ఒక వరస రాసుకుని కట్టలు కట్టేవారట. ఈయన ఆ మడతలు విప్పి, తడిపి, ఇస్త్రీ చేసి చదును చేస్తున్నాడు. చొక్కాల్లా దొంతరలు పెట్టాడు.

“ఇవన్నీ తల్లులు రాసినవే. కృతజ్ఞతలు,” అన్నాడు ఒక దొంతర మీద చెయ్యి వేసి. మంచివాడే. కళ్ళద్దాల వెనక కళ్ళు మెరుస్తున్నాయి. “అన్నట్టు, మీ ఇంటిపేరు స్టిక్నీ కదూ? మెహిటబుల్ స్టిక్నీ మీకేమవుతారు?”

“మా నాన్నమ్మ.”

ఆయన లేచి నిలబడ్డాడు. “అయితే మీరిది చూడాలి.”

మూడు కాగితాలు నా ముందు పెట్టాడు. రెండు చదును చేసినవి, గుండ్రటి చక్కటి రాత. అప్పటి పాస్టరుగారి భార్య మా నాన్నమ్మ చెబుతుంటే రాసిపెట్టిందట. నేను బడికి వెళ్ళింది పన్నెండో ఏడు దాకానే, అయినా చదవగలిగాను. నా కొడుకు రూబెన్ గడ్డికోతకి దండు నుంచి ఇంటికి బయల్దేరాడు, కోత కాగానే తిరిగి వద్దామనుకున్నాడు, పారిపోదామని కాదు, వాడికి పంతొమ్మిదేళ్ళు, దారిలో పట్టుకున్నారు, కాల్చమని తీర్పు ఇచ్చారు, మీరు మా ఊరివారు.

నేను రెండుసార్లు చదివాను.

“కాల్చేశారా మా పెదనాన్నని?”

ఎల్లరీ ముఖం మాడింది. “మీకు తెలియదా?”

యుద్ధంలో పోయాడనే మా ఇంట్లో మాట. ఊరి మధ్య రాతిస్తంభం మీద యుద్ధంలో పోయినవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి, రూబెన్ పేరు లేదు. ఎందుకు లేదని పదేళ్ళప్పుడు ఒకసారి అడిగాను. మా నాన్న ఆ పూట నాతో మాట్లాడలేదు. మళ్ళీ అడగలేదు.

“సెనేటరుగారు వెంటనే జవాబిచ్చారండీ,” అన్నాడు ఎల్లరీ, నన్ను ఊరడిస్తున్నట్టు. సెనేటరు పంపిన జవాబుల నకలు పుస్తకం తెరిచాడు. “ఇదిగో. ‘శిక్ష తేదీ నిర్ణయమైన వెంటనే నాకు తెలియజేయండి. మిగతాది నేను చూసుకుంటాను.’”

“మరి తెలియజేయలేదా?”

ఆయన మూడో కాగితం తిప్పాడు. అది చదును చేయలేదు. కవరు కూడా లేదు. కాగితాన్నే నాలుగు వైపులా మడిచి, పిండి జిగురుతో అంటించారు. అంటు అలాగే ఉంది. పై వైపు సెనేటరు పేరూ వాషింగ్టనూ పెద్ద పెద్ద వంకర అక్షరాలతో, పలక మీద రాసినట్టు. వెనక్కి తిప్పాడు. అక్కడ వేరే చేతిరాత, సన్నగా, నిటారుగా:

‘స్టిక్నీ. అందినది 1864 మార్చి 7. మళ్ళీ ఆవిడే.’

అంతే.

“తెరవలేదు,” అన్నాడు ఎల్లరీ. “అదృష్టం చూడండి, అరవై ఎనిమిదేళ్ళుగా అంటు విడని ఉత్తరం! మా దగ్గర ఇలాంటిది ఇంకోటి లేదు. వచ్చే మే నెలలో పలక పెట్టేటప్పుడు సభలో అందరి ముందూ ఆవిరి పట్టి తెరుద్దామనుకుంటున్నాం. మీ కుటుంబం కూడా వేదిక మీద ఉంటే—”

“ఎప్పుడు చంపారు వాణ్ణి?”

“పదకొండున.”

“ఇది ఏడునే అందింది.”

“అవునండీ. కానీ ఆయనకి రోజుకి వంద ఉత్తరాలు వచ్చేవి. ఆయనా మనిషే కదా.”

“చచ్చిపోయినవాడూ మనిషేనండీ.”

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పక్క గదిలో మిస్ ట్రాస్క్ కుర్చీ కిర్రుమంది. ఎల్లరీ ఉత్తరాన్ని మెల్లిగా తన వైపు లాక్కున్నాడు. నేనేదో చేస్తాననుకున్నాడు. చేసేవాణ్ణేమో కూడా. తర్వాత ఒక అచ్చుకాగితం ఇచ్చాడు. ఉత్తరం తాలూకు కాగితం మిస్ ట్రాస్క్‌దేనట, లోపలి మాటలు మాత్రం రాసినవాళ్ళ వారసులవట. చదివి వినిపించాలన్నా, అచ్చు వెయ్యాలన్నా మా నాన్న ఒప్పుకోవాలి.

“సంతకం ఇక్కడ,” అన్నాడు.

“ఆయనకి రాయడం రాదు.”

“ఇంటూ పెట్టినా చెల్లుతుంది.”

పెట్టెలు బండికెక్కించి బయల్దేరాను. నది మీద వంతెన మధ్యకి వచ్చాక గుర్రాల్ని ఆపాను. కింద మంచు పగిలి నల్లటి నీళ్ళు ఉరుకుతున్నాయి. పెట్టెల్ని బిగించిన తాడు విప్పితే చాలు, పదకొండు పెట్టెలూ, అన్ని కృతజ్ఞతలూ, అందులోకే. తాడు ముడి మీద చెయ్యి కూడా వేశాను. ఎడమవైపు గుర్రం వెనక్కి తిరిగి చూసింది, ఎందుకు ఆగామన్నట్టు. ఆ ఒక్క ఉత్తరం వీటిలో లేదని గుర్తొచ్చింది. అది ఆ బల్ల మీదే ఉంది. ముడి బిగించి స్టేషనుకి తోలాను.

*

మధ్యాహ్నం పాకలోకి వెళ్ళేసరికి లోపలంతా ఆవిరి. హల్దా పెనం దగ్గర, మా నాన్న పొయ్యి దగ్గర. నేను చెప్పాల్సింది చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. కాల్చేశారట, నువ్వు దాచావు, సెనేటరు తేదీ రాయమన్నాడట, రాస్తే తెరవలేదట, మళ్ళీ ఆవిడే అని రాసి అవతల పారేశాడట.

హల్దా గరిటె కింద పెట్టింది. “అయ్యో దేవుడా! మామయ్యా, నిజమేనా?”

మా నాన్న ఇటు తిరిగాడు. నా చేతిలో అచ్చుకాగితం చూశాడు. “ఏమిటది?”

“నీ చేత ఇంటూ పెట్టించమన్నారు. చదువుతాను విను—”

చెయ్యి చాపి తీసుకున్నాడు. పొయ్యి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాయి, కిందకి దిగాయి, మళ్ళీ ఈ చివరకొచ్చాయి. వరస వరసకీ అలాగే. చివరి వరస దగ్గర ఆగాయి.

నేనూ హల్దా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

“మామయ్యా,” అంది హల్దా మెల్లిగా, “మీకు చదువొచ్చా?”

“వచ్చేది.” కాగితం మడిచాడు. “తెరిచి లేదా?”

“లేదు.”

“అంటు కూడా ఊడలేదా?”

“పిండి జిగురు ఎలా పెట్టింది అలాగే ఉంది.”

“రై పిండి,” అన్నాడు మా నాన్న. “గోధుమపిండి లేదప్పుడు.”

తర్వాత ఆగి ఆగి చెప్పాడు. మధ్యమధ్య కట్టె వేస్తూ, మా వైపు చూడకుండా. తేదీ తెలిసేసరికి పాస్టరుగారి భార్య పుట్టింటికి వెళ్ళింది. అమ్మకి రాయడం రాదు. ఇంట్లో బడికి వెళ్ళేది తొమ్మిదేళ్ళ తనొక్కడే. తనే రాశాడు. కాగితం ఒక్కటే ఉంది, తప్పు పోతే ఇంకోటి లేదు.

“నా ఒకట్లు ఏడుల్లా ఉండేవిరా. పంతులమ్మ కొట్టేది. పదకొండు వెయ్యరా అంటే డెబ్బై ఏడు వేశావేమిరా అని నవ్వేది అందరి ముందూ.” కట్టె చేతిలోనే ఉండిపోయింది. “పదకొండు అని రాశాను. పోస్టులో వేసి వచ్చాక రాత్రి గుర్తొచ్చింది. అక్షరాలతో రాయాల్సింది. అంకె వేశాను. పదిహేడని చదువుకుంటే? ఇంకా వారం ఉందిలే అనుకుంటే?”

పెనంలో పాకం పొంగుతోంది. ఎవరూ చూడలేదు.

“పన్నెండున తెలిసింది. ఇదిగో ఇక్కడే కాస్తున్నాం. అమ్మ పెనం వదిలేసి బయటికి పోయింది. ఆ రోజు పెనం మాడింది. నేను మా అమ్మకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కలం మళ్ళీ పట్టలేదు.”

నురగ అంచు దాటి పొయ్యి మీద బుస్సుమంది. హల్దా ఉలిక్కిపడి తాడుకి కట్టిన పంది కొవ్వు ముక్క నురగలోకి దింపింది. పొంగు అణిగింది.

“చదవలేదు,” అన్నాడు మా నాన్న. మొదట మెల్లిగా అన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. “చదవలేదురా ఆ ముదనష్టపు నాయాలు! పదకొండో పదిహేడో, ఏదైతేనేం వాడికి! నేను... అరవై ఎనిమిదేళ్ళు...”

కట్టెని తలుపుకేసి విసిరికొట్టాడు. తలుపు మీద సుద్ద రాలింది. జీవితంలో ఆయన ఒక వస్తువుని విసరడం నేను చూసింది అప్పుడే.

నాకు ఆయన మీద జాలి రావాలి. వచ్చిందేమో కూడా, కానీ నోటికి వచ్చింది అది కాదు. “నన్ను పన్నెండో ఏట బడి మాన్పించావు. చదవడం వచ్చి కూడా నీ ఇంటూల పక్కన నాచేత రాయించావు. ఊరంతా నవ్వుతుంటే నిలబడ్డాను.”

ఆయన నన్ను చూశాడు. ఆయాసపడుతున్నాడు.

“నీ ఒకట్లు బాగా కుదిరాయిగా,” అన్నాడు. “ఇంకేం కావాలి?”

హల్దా నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, ఇక చాలన్నట్టు. నేను బకెట్లు తీసుకుని అడవిలోకి పోయాను. ఆ సాయంత్రం చెట్లకి తగిలించిన ప్రతి బకెట్టునీ వంపేటప్పుడు కావాల్సినదానికన్నా గట్టిగా కొట్టాను. మోతకి పక్క పొలం కుక్క అరిచింది.

*

మర్నాడు పొద్దున మా నాన్న గడ్డం గీసుకుని కోటు వేసుకున్నాడు. చుట్టుదారి మలుపు దగ్గర నేను ఆగాను. ఆయన ఆగలేదు. తిన్నగా నడిచి గేటు తోసుకుని ట్రాస్క్ ఇంటి ముందు తలుపు తట్టాడు. పని మీద వచ్చే ఊరివాళ్ళు ఎప్పుడూ వెనక తలుపు దగ్గరికే వెళ్ళేవాళ్ళు.

మిస్ ట్రాస్కే తలుపు తీసింది. “ఏసహెల్! ఈ గేటు దాటడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు?”

“పని పడలేదమ్మా,” అన్నాడు మా నాన్న. బూట్లు తుడుచుకోకుండా లోపలికి వచ్చాడు. ఆవిడ ఆ బురద చూసింది, ఏమీ అనలేదు.

ఎల్లరీ ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా నాన్న ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పై రాత చూశాడు. తర్వాత ఎల్లరీకేసి చెయ్యి తిప్పి చూపించాడు, తిరగెయ్యమని. వెనక రాత చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఒకటి ఒకటిలా ఉంది,” అన్నాడు. “ఏడు ఏడులా ఉంది. చదువుకున్న చెయ్యి.”

“స్టిక్నీ గారూ,” అన్నాడు ఎల్లరీ, “మీ అమ్మగారి మాటలు జనం వినాలండీ. లోపల ఏముందో ఎవరికీ తెలియదు—”

“నాకు తెలుసు.”

“ఎలా?”

“రాసింది నేనే.” గోడకేసి చూస్తూ, ఇష్టం లేని పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. “‘అయ్యా, మీరు తేదీ చెప్పమన్నారు. మార్చి 11 అండి. మా అన్నయ్య గడ్డికోతకే బయల్దేరాడు. అమ్మ ఏడవట్లేదు, మీరున్నారని చెప్పాను. చేతిరాత బాలేదు, క్షమించండి. మెహిటబుల్ స్టిక్నీ.’ అంతే ఉంది.”

ఎల్లరీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఇది... ఇది అందరూ వినాల్సిందండీ. సభలో తెరిస్తే—”

“తెరవొద్దు.”

“కానీ జనానికి తెలియాలి కదా!”

“తెలియాల్సింది వెనక రాసే ఉంది.” మా నాన్న వేలితో చూపించాడు, ఇప్పుడు కూడా తాకకుండా. “అద్దాల పెట్టెలో పెట్టండి. ఆ తల్లుల ఉత్తరాల పక్కనే పెట్టండి. ఆయన ఎలా ఉంచాడో అలాగే మూసి ఉంచండి. వెనక వైపు పైకి.”

ఎల్లరీ మిస్ ట్రాస్క్ వైపు చూశాడు. “సెనేటరుగారి పేరుకి ఇది... వందలమందిని కాపాడిన మనిషి—”

“ఆయన చేతిరాతేగా,” అన్నాను నేను. “మేమేమైనా కలిపామా?”

మిస్ ట్రాస్క్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మాకు వీపే కనిపిస్తోంది. ఆవిడ ఆ తాతగారి ఒళ్ళో పెరిగిందని ఊరంతా అంటారు. ఆవిడ ఏమంటుందో అని చూశాను. ఆవిడేమన్నా జవాబివ్వడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి, మంచి మాటలు కావు.

“ఎల్లరీ గారూ,” అంది ఇటు తిరగకుండానే, “ఆయన చెప్పినట్టు చెయ్యండి. కుదరదంటే ఆ పదకొండు పెట్టెలూ స్టేషను నుంచి తిరిగి నా అటక మీదకొస్తాయి. ఆరిన్ తెస్తాడు. ఏం ఆరిన్?”

“తెస్తానమ్మా,” అన్నాను.

నా మాటలు నాలోనే మిగిలిపోయాయి. అవి ఇంకా ఉన్నాయి.

ఎల్లరీ అచ్చుకాగితం బల్ల మీద పరిచి కలం సిరాలో ముంచి ఇచ్చాడు. “ఇక్కడండీ. ఇంటూ పెడితే చాలు.”

మా నాన్న కుర్చీలో కూర్చున్నాడు. కలాన్ని గొడ్డలి పిడిలా పిడికిటితో పట్టుకున్నాడు, తర్వాత వేళ్ళు సర్దుకున్నాడు. ‘అనుమతిస్తున్నాను’ అని అచ్చు వేసి ఉన్న మాటని ఒక్క గీతతో కొట్టేశాడు. దాని పైన రాయడం మొదలుపెట్టాడు. అక్షరం అక్షరానికీ నాలుక పెదవి చివరికి వస్తోంది. ‘తెరవకూడదు. ఏసహెల్ స్టిక్నీ.’

నేను ఆ కాగితాన్నీ, పక్కనున్న ఉత్తరాన్నీ చూశాను. ఒకే చెయ్యి. అవే పెద్ద పెద్ద వంకర అక్షరాలు. డెబ్బై ఏడేళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళ చేతిరాత.

సంవత్సరం వెయ్యాల్సిన చోట ఆగాడు. 1932 అని వేశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఒకటి కింద అడ్డగీత పెట్టాడు. కలం లేపాడు, చూశాడు, ఆ గీత మీద ఇంకోసారి దిద్దాడు.

గేటు దగ్గర అడిగాను. “మరి ఆ కంచు పలక?”

“వేసుకోనీ,” అన్నాడు. “దానికి నువ్వు సంతకం పెట్టావుగా.”

ఇద్దరం దగ్గర దారినే ఇంటికి వచ్చాం. అది నిజంగానే మెట్ట కాదు.

*

హల్దా ఒక్కతే పొద్దున్నుంచీ పొయ్యి చూసుకుంటోంది. జుట్టంతా ఆవిరికి అంటుకుపోయింది. ఏమైందని అడగబోయి మా నాన్న చెయ్యి చూసి ఆగిపోయింది. మరుగుతున్న చెట్టు నీళ్ళలో గుడ్లు వేసి ఉడికించింది. చిక్కుళ్ళ కుండ పొయ్యి పక్కనుంచి తీసింది. రొట్టె కోసింది. ఊరగాయ దోసకాయల జాడీ మూత విప్పింది.

కట్టెల దుంగల మీద ముగ్గురం కూర్చున్నాం. తలుపు తెరిచే ఉంది. తలుపు మీద సుద్ద రాతల్లో నిన్న కట్టె తగిలిన చోట కొన్ని అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. మా నాన్న అటు చూశాడు గాని నన్ను మళ్ళీ రాయమనలేదు.

గుడ్డు పెంకు ఒలుచుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ సిరా ఉంది. తెల్లటి గుడ్డు మీద ఆ నలుపు అంటింది. కడుక్కోలేదు, తుడుచుకోలేదు. అలాగే ఉప్పు అద్దుకుని తిన్నాడు. హల్దా ఊరగాయ ముక్క ఆయన పళ్ళెంలో వేసింది. నేను రొట్టె అందించాను. పక్కన పెనం మరుగుతూనే ఉంది.